గోదావరీ డెల్టా వర్ణనములు - యానభేదము

ఆలంకారికులు మహాకావ్యమునకు విధించిన వర్ణనములలో నగరము గలదు, సముద్రము గలదు, శైలము గలదు, ఋతువులు గలవు. ప్రయాణమును గలదు, కాని యది విజిగీషువగు రాజు దండయాత్ర. సామాన్యుఁ డొకఁడు తన యూరినుండి వేఱొక యూరికిఁ బోవుచుఁ ద్రోవలోఁ జూచినదానికి లక్షణగ్రంథములలోఁ జోటు లేదు. ఈ లోపము తెలుఁగు వాఙ్మయమున నెట్లు పరిణమించినదో తెలిసికొనుటకు గోదావరీ డెల్టా వర్ణనములు మంచి నిదర్శనము. ధవళేశ్వరమునకు దిగువ గౌతమి, వసిష్ఠ యను పాయలుగాఁ జీలి, మరల శాఖలై నది సముద్రముఁ జేరు నీ భూమిని వర్ణించినవారు పలువురు గలరు. వారొక్కొక్కరు నొక్కొక్క యానమునుండి చూచిరి. యానమునుబట్టి దృష్టియు, దృష్టినిబట్టి వాక్యమును మాఱినవి. ఈ మార్పును విమర్శకులు గుర్తింపవలసియున్నది.

శ్రీనాథుని భీమేశ్వరపురాణము నారింటిలోను మొదట నెన్నవలయును. కాశినుండి వెడలిన వ్యాసుఁడు దక్షారామమునకు వచ్చుట యందలి కథ. ఆఱాశ్వాసముల యా కావ్యమునఁ బ్రధానము క్షేత్రమహిమ. క్షేత్రమునకును క్షేత్రమునకును నడుమ నున్న నేల కవికిఁ బ్రధానము గాదు. ఇది దోషము గాదు, పురాణధర్మము. అయినను దాని ఫల మొకటి గలదు: ఆ దృష్టి తరువాతివారికి సంప్రదాయమై, గోదావరీమండలమన్నఁ బుణ్యస్థలముల పట్టిక యను భావము స్థిరపడినది.

ఈ పట్టికను గాళ్లతోఁ గొలిచినవారు సప్తసాగరయాత్రికులు. పుష్య బహుళామావాస్యనాఁడు చొల్లంగిలో స్నానముతో మొదలిడి, నది యేడుపాయల సంగమములను జూచుచు, మాఘ శుద్ధ భీష్మైకాదశికి అంతర్వేదిఁ జేరుట ఈ యాత్రాక్రమము. బురదయు, రేవును, పోటును, పాటును వీరికిఁ దెలిసినంతగా నే కవికిని దెలియవు. కాని వీరు చూచినది పాదముల జ్ఞానముగనే నిలిచినది గాని, వచనమై గ్రంథమున కెక్కినది మిక్కిలి తక్కువ. చూచినవాఁడు వ్రాయక, వ్రాసినవాఁడు చూడక పోవుట యీ మండలవర్ణనమునకుఁ బట్టిన మొదటి దురదృష్టము.

రెండును జేసినవాఁడు ఏనుఁగుల వీరాస్వామి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన యీతఁడు 1830 మే నెలలో బయలుదేఱి, 1831 సెప్టెంబరులో నిల్లు చేరెను. ఆ కాశీయాత్రచరిత్ర 1838లో నచ్చుపడినది. తిరుగుప్రయాణమున నతఁడు తూర్పుతీరమువెంట గోదావరీప్రాంతముమీఁదుగా వచ్చెను. ఆనకట్ట పని 1847లో మొదలగుటకుఁ బదునాఱేండ్లు ముందటి మాట యది. మజిలీకి మజిలీకి నడుమ దూరమెంత, బాట యిసుకయా, నీరు మంచిదా, యంగళ్లు గలవా, బస దొరకునా యను విచారమే యాతని రచనకుఁ బ్రాణము. అలంకారము లేదు, ఉన్నది నమ్మకము. బోయీలు మోయు పాలకిలోనివాఁడగుటచే వారాగినచోట నాఁగి, వారు నడచిన బాటనే చూచెనని లోపము చెప్పవచ్చును. అయినను త్రోవ వర్ణనీయమని తెలుఁగువచనమున నిరూపించిన కీర్తి యాతనిది.

1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. సర్ ఆర్థర్ కాటన్ కట్టించిన ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము భాగములనుండి నీరు కాలువలఁ బాఱి, ఆ కాలువలే రాజమార్గములైనవి. పడవ లాకుకడ నాఁగును. తలుపులు మూసి నీరు నింపువఱకు లేక తీయువఱకు నుండవలెను. ఆ వ్యవధిలో నూరివార్త లన్నియుఁ జెవిఁబడును. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి కథలు-గాథలలోను, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి అనుభవాలూ జ్ఞాపకాలూనూ లోను నాఁటి మండలము తొణికిసలాడుట కీ మందగమనము కొంత కారణము. అయితే వారి చూపు మనుష్యులమీఁదిది: పండితులు, భోజనములు, వాదములు, బంధుత్వములు. కాలువ వారిని మోసినది గాని వారికి వస్తువు గాలేదు.

1900లో హేవలాకు వంతెనమీఁద రైలు నడచినపిదప వర్ణనము కుంచించుకొనిపోయినది. నదియన వంతెనమీఁదినుండి కొన్ని నిమిషములు కనఁబడునదియే. మోటారుకాలమున నింకను దిగజాఱినది. కోనసీమయనఁగాఁ బచ్చని తివాచి, కొబ్బరితోఁటలు, కనువిందు. ఈ మూఁడు మాటలు లేని వ్యాసము నేఁడు లేదు, ఈ మూఁటికి మించి చెప్పు వ్యాసమును అరుదు. ఈ పచ్చదనము వెనుక నేమున్నదో యీ మాటలు చెప్పవు. 2011 ఖరీఫులో ఆ పచ్చని నేలమీఁదనే రైతులు పంటవిరామము ప్రకటించి పొలములను బీడువెట్టిరి. వరి గిట్టుబాటు గాకపోవుటయు, మురుగు కదలక పొలములు మునుఁగుటయు వారి మొఱలలోనివి. వర్ణనము సత్యమునకుఁ దెర యగునెడల నది యలంకారము గాదు, అపచారము.

ఇచ్చటనే బైసికిలు విచారణీయమగుచున్నది. యాత్రావాఙ్మయమున దీనికిఁ జరిత్ర లేకపోలేదు. థామస్ స్టీవెన్సు 1884 మొదలు 1886 వఱకు నెత్తుచక్రపు బైసికిలుమీఁద భూమిని జుట్టి గ్రంథము వ్రాసెను. 1923లో బొంబాయినుండి బయలుదేఱిన పార్సీయువకులలో మువ్వురు 1928లో భూప్రదక్షిణము ముగించి తమ యాత్రను నింగ్లీషున గ్రంథస్థము చేసిరి. రామనాథ బిశ్వాసు వంగభాష కట్టి గ్రంథములను బెక్కింటి నిచ్చెను. వీరిది దూరముయొక్క కీర్తి. డెల్టాకుఁ గావలసినది దూరము గాదు, సంబంధజ్ఞానము.

ఆ జ్ఞానమున కీ యాన మెట్లు తగినది? నేల సమతలము, కాలువగట్టే బాట, నది యడ్డమైనచోట యానమును బంటుమీఁదికిఁ జేర్పవచ్చును. కోటిపల్లి రేవునుండి ముక్తేశ్వరమునకును, సఖినేటిపల్లినుండి నరసాపురమునకును బంటు దాఁటుట యిట్టిదే. పాదచారికి ధవళేశ్వరమునుండి సముద్రము చేరుటకుఁ బలుదినములు పట్టును. అంతలో మొదటినాఁటి నీటిరంగు మఱపునకు వచ్చును. మోటారువానికిఁ గొన్ని గంటలు చాలును. వానికి నీరే కనఁబడదు. బైసికిలువాఁ డొకటి రెండు దినములలోఁ గాలువ తలనుండి శివారువఱకుఁ బోయి, తలయందు నిండుగాఁ బాఱిన నీరు శివారున సన్నగిల్లుటయు, తీపినేల క్రమముగా నుప్పునేల యగుటయు, వరిచేలు చేఁపల, రొయ్యల చెరువులుగా మాఱుటయు నొక్క జ్ఞాపకమున నిలుపుకొనఁగలఁడు. మధ్యాహ్నము సముద్రపుగాలి యెదురు తిరిగినప్పుడు తీరము సమీపించినదని వాని మోఁకాళ్లే చెప్పును. డెల్టా యనునది ప్రకృతి యొసఁగిన యొండుమట్టికి మనుష్యుఁడు కట్టిన నీటిలెక్క యని యీ క్రమమువలనఁ దెలియును. పచ్చదనము వరము గాదు, పంపకమని తేలును.

ఈ యానమునకు నవధియుఁ గలదు. ఆ యవధియే మిక్కిలి బోధకము. కోరింగకడ బాట ముగియును. 1789, 1839 సంవత్సరముల యుప్పెనలు నాశనము చేసిన యా రేవునొద్ద 1978 మొదలు సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యము గలదు. మడ, పొన్న, తిల్ల చెట్ల నడుమ దినమునకు రెండుమాఱులు పోటు వచ్చి పోవును. మడచెట్టు వేళ్లు బురదనుండి మేకులవలె మీఁదికి లేచి గాలి పీల్చును. నీరుకుక్కయు, బావురుపిల్లియు నచ్చట వసించును. చక్రము చొరరాని చోటది. నావగాని, కొయ్యబాటమీఁది నడక గాని శరణ్యము. బాట లేకపోవుట యా యడవికి రక్ష. ఆ యడవి వెనుకనున్న యూళ్లకు గాలినుండి, కెరటమునుండి కొంత రక్ష. 1996 నవంబరు తుపాను కోనసీమ తోఁటలను నేలఁగూల్చిన సంగతి యెఱిఁగినవారికి నీ మాట కవిసమయము గాదు.

పశ్చిమదిశ యందుఁ గొల్లేఱున దీనికి విపర్యయము గానవచ్చును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న యీ సరస్సు 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమై, 2002లో రాంసారు జాబితా కెక్కినది. కాని యచ్చట సరస్సు గర్భమునకే బాట పోయినది. ఆ బాట చేఁపలచెరువుల గట్టు. 2006లో ప్రభుత్వము గట్లఁ ద్రెంచించినది. వివాదము దానితోఁ దీఱలేదు, ఆ చెరువులవలన బ్రదుకువారును గలరు గనుక. ఆటపాక గూడబాతులను వర్ణించి యీ గట్లను విడిచిన రచన యర్ధసత్యము.

యానము ప్రతిభ నీయదు గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. పాలకి యెక్కినవారెల్ల వీరాస్వాములు గాలేదు. కాని ప్రతిభ గలవానికిని జూడనిది వ్రాయ సాధ్యము గాదు. యానము ప్రతిభకుఁ గారణము గాదు, విషయమునకు ద్వారము. కావునఁ బ్రాంతవర్ణనమును బరీక్షించునప్పుడు విమర్శకుఁ డడుగవలసిన ప్రశ్నలు మూఁడు: రచయిత యే వేగమునఁ బోయెను? ఎచ్చట నాఁగెను? వాని యాన మెచ్చట నాఁగిపోయెను? మూఁడవదానికి సమాధానము చెప్పఁగలిగిన రచనయే ప్రామాణికము.

వీరాస్వామి పాలకిలోనుండి చూపిన వచనమార్గము తెలుఁగున నింకను మూసికొనిపోలేదు. గోదావరి గట్లమీఁద బైసికిళ్లకుఁ గొదువ లేదు. నిత్యము వేలమంది బడికిని, పొలమునకును, సంతకును వానిమీఁదనే పోవుచున్నారు. వారికిఁ దెలిసిన నేల వాఙ్మయమునకుఁ దెలియకుండుట కొఱఁత. ఆ కొఱఁతను దీర్చు గ్రంథము పచ్చని తివాచితో మొదలిడక, లాకు తలుపుతో మొదలిడునుగాక.