తిమ్మరుసు కళ్ళు: రెండు కథలు

శ్రీకృష్ణదేవరాయలు తిమ్మరుసు కళ్ళు తీయించాడన్నది మనవాళ్ళలో ఎవరిని కదిపినా వినిపించే మాట. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు' పుణ్యమా అని మహామంత్రి అనగానే గుమ్మడి ముఖమే మెదులుతుంది. దీన్ని శాసనప్రమాణం ఉన్న విషయంలా పరీక్షపత్రాల్లో రాస్తున్నారు కనుక కొంచెం విచారించక తప్పదు.

ఈ కథకు ముఖ్యాధారం పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్. రాయలు 1529లో పోతే, అతడు 1535 ప్రాంతంలో, అచ్యుతరాయల కాలంలో రాశాడు. స్యూయెల్ 1900లో ఇంగ్లీషు అనువాదం వెలువరించాక అది మన పండితుల చేతికి వచ్చింది. రాయలు ఆరేళ్ళ కొడుకుకు పట్టం కట్టాడనీ, ఆ పిల్లవాడు జబ్బుపడి పోయాడనీ, విషం పెట్టింది తిమ్మరుసు కొడుకని రాయలకు తెలిసిందనీ నూనిజ్ చెబుతాడు. మంత్రి చెరలో పడ్డాడు. కొడుకు పారిపోయి తిరగబడి పట్టుబడ్డాక కళ్ళు తీయించారట. బ్రాహ్మణులను చంపరు కనుక ఆ శిక్ష అని కూడా అంటాడు.

ఇందులో రాకుమారుడు కల్పన కాడు. 1524 నాటి శాసనాల్లో తిరుమలరాయల పేరుంది. విషం మాట అలాంటిది కాదు. అది రాజు నమ్మిన సంగతి, అదీ నూనిజ్ చెవిన పడిన రూపంలో. రాయచూరు యుద్ధాన్ని 1522లో పెట్టింది కూడా ఈయనే. అది 1520 అని స్యూయెలే సవరించాడు.

మమ్మల్ని ఎక్కువగా ఆపింది మరొకటి. ఇదే వృత్తాంతంలో అంతకుముందు, వీరనరసింహుడు చనిపోతూ తమ్ముడి కళ్ళు తీయించమంటాడు. తిమ్మరుసు మేక కళ్ళు చూపించి కృష్ణరాయలను కాపాడతాడు. ఎవరి కళ్ళు కాపాడాడో వాడే చివరికి ఇతని కళ్ళు తీయించాడు! ఇంత చక్కగా అతికిన కథ రాజుల జీవితంలో కంటే బజారులో ఎక్కువ దొరుకుతుంది. చెరను మేము నమ్ముతాం, మేకను నమ్మం. కళ్ళ సంగతి నూనిజ్ మాటగానే చెప్పాలి. పట్టాభిషేకం నాటి చెంపదెబ్బ కథకైతే ఈపాటి ఆధారమైనా లేదు.

ఇక 'రాయవాచకము'. రాయల కొలువులో ఉండి రాసిందనుకుని దాన్ని వాడేవారు ఇంకా ఉన్నారు. అది 1600 ప్రాంతంలో మదుర నాయకుల పరిసరాల్లో పుట్టిందని వాగొనర్ 1993లో వాదించాడు. ఆ వాదం మాకు సబబుగానే తోచింది. అందులో కనిపించేది 1510ల నాటి రాయలు కాదు, విజయనగరం పోయాక తమిళదేశంలోని తెలుగువారు తలచుకున్న రాయలు. మదుర, తంజావూరు ప్రాంతాల విద్యార్థులు ఆ పుస్తకాన్ని ఆ దృష్టితో మళ్ళీ తెరవవచ్చు.