వాడ బాటకు పద్దేది?

ఆత్మకూర్ దిక్కు పల్లెల్లో వానొస్తే మొరం బాట సంగతేందో వాడను అడగాలె.

2000 డిసెంబర్ 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నిబంధనల్ని దళితుల కండ్లతో చదవాల్సిన అవసరముంది. మైదాన ప్రాంతంలో అన్నికాలాల రోడ్డుకు గానీ, రోడ్డున్న ఆవాసానికి గానీ కనీసం 500 మీటర్ల దూరముంటేనే అది రోడ్డులేని ఆవాసం. మరి వాడ ఊరికెంత దూరం? ఊరవతలే గదా! అంటరానితనం గీసిన ఆ కొద్ది దూరం ప్రణాళిక లెక్కలో మాయమైంది. ఊరికి రోడ్డుంటే బురదలో ఉన్న వాడక్కూడా ఉన్నట్టే.

ఇక మరమ్మతు. ఆ పథకం రోడ్డుకు ఐదేండ్ల నిర్వహణ కాంట్రాక్టులోనే ఉంటది. వాడ బాటకు ఆ రాత లేదు. మొరం బాట తారురోడ్డు లెక్క కాదు; ఏటా వానలకు ముందే నడుమ ఎత్తు సరిచేయాలె, పక్క కాల్వలు తీయాలె, కొట్టుకపోయినచోట మొరం పోసి తొక్కించాలె. నీళ్లు నడుమ నిలిస్తే ఒక్క వానాకాలానికే గుంతలు. ఈ ఖర్చు ఏటేటా వచ్చేది, కాబట్టి ఏటేటా పద్దు ఉండాలె. కానీ కొత్త రోడ్డుకు శిలాఫలకం ఉంటది, మరమ్మతుకు ఉండదు.

పైగా రోడ్డు రద్దీని బండ్ల లెక్కతో కొలుస్తరు. కూలికి నడిచిపోయే ఆడోళ్ల కాళ్లు ఆ లెక్కలోకి రావు. నడిచేటోళ్లను కూడా లెక్కగట్టి, వాడ బాటల జాబితా వేరుగా రాసి, బడ్జెట్‌కు ముందే గ్రామసభలో చదివించాలె.