వంత తెలిసిన యంత్రం

తీగను మీటగానే పుట్టిన నాదం ఆ క్షణం నుంచే తరగడం మొదలుపెడుతుంది. వీణకు పొడవైన దండి, పనసకర్ర కుండ ఉన్నాయి కనుక కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. మాండలిన్‌కు ఆ భాగ్యం లేదు. దండి పొట్టిది, తీగలు బిగువు. టక్కున పలికి టక్కున ఆరిపోతుంది. అటువంటి వాద్యంలో జారులూ కంపితాలూ పలికించడానికి పూనుకున్నవాడు 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. గురువు రుద్రరాజు సుబ్బరాజు నోటితో పాడితే, కుర్రవాడు ఆ పాటను మెట్ల మీద వెతుక్కున్నాడు. జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు బిగించుకున్నాడు, విద్యుత్ మాండలిన్ పట్టాడు. అయినా తీగ ఆరిపోయే గుణం పూర్తిగా పోలేదు. ఆరేలోగా ఎంత చెప్పగలమన్నదే ఆయన వాద్యంలోని ఆత్రం, అందం కూడా.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే వాద్యం కెనడా వాడైన మైకేల్ బ్రూక్‌ది. ఆయన 1980లలో ‘ఇన్ఫినిట్ గిటార్’ తయారుచేసుకున్నాడు. తీగ కంపనాన్ని పికప్ పట్టుకుంటుంది. దాన్ని పెంచి ఒక విద్యుదయస్కాంత చుట్ట ద్వారా మళ్ళీ ఆ తీగకే అందిస్తారు. తీగ తన మోతతో తానే బతుకుతుంది. వేలు తీసేదాకా స్వరం ఆగదు. ఐరిష్ బృందం యూటూ 1987లో వినిపించిన ‘విత్ ఆర్ వితౌట్ యూ’ పాటలో సాగుతూనే ఉండే గిటారు ఈ వాద్యానిదే.

త్వరగా ఆరిపోయే తీగ, ఎంతకీ ఆరని తీగ. ఈ రెండూ కలిసిన చోటు ‘డ్రీమ్’. పీటర్ గాబ్రియెల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ 1995లో విడుదల చేసిన ఆల్బం అది. అప్పటికి శ్రీనివాస్‌కు ఇరవయ్యారేళ్ళు.

వినేవాడికి మొదట అందేది విస్తారం. కచేరీలో ఆలాపన చేసేటప్పుడు మాండలిన్ తన ఖాళీని తానే నింపుకోవాలి. ఒక సంచారం ముగిసీ ముగియకముందే ఇంకోటి ఎత్తుకోవాలి, లేకపోతే నిశ్శబ్దం మీద పడుతుంది. ఇక్కడ ఆ బెంగ లేదు. కింద సింథసైజర్ నాదాలు పరుచుకుని ఉంటే, శ్రీనివాస్ ఒక స్వరం మీద నిలబడగలడు. నిలబడి, దాని అంచును కొద్దిగా కదిపి, పై స్వరం వైపు చూసి, వెళ్ళకుండా ఆగగలడు. ఆ ఆగడంలో ఎంత రక్తి ఉందో! వేగానికి పేరుపడ్డ వేళ్ళకు విలంబం దొరికితే ఏం చేస్తాయో ఇక్కడ తెలుస్తుంది. మళ్ళీ ఉన్నట్టుండి ఒక బిర్కా, నాలుగు స్వరాలు గుప్పున విరిసి మాయమవుతాయి. కింది నాదం మాత్రం తొణకదు. తొణకదు కనుకే ఆ మెరుపుకు అంత కాంతి.

బ్రూక్ గొప్పతనం అతను వాయించనిచోటే ఎక్కువ తెలుస్తుంది. మాండలిన్ గమకం వేస్తున్నప్పుడు అతను గమకం జోలికి రాడు. రంగు మారుస్తాడు, దూరం పెంచుతాడు. మన పక్కవాద్యం సంప్రదాయంలో దీన్ని మించిన మర్యాద లేదు. మంచి వయొలిన్ విద్వాంసుడు గాయకుడి సంచారం చివరి స్వరాన్ని పట్టుకుని నిలుపుతాడు. తన పాండిత్యం చూపడానికి తన వంతు వచ్చేదాకా ఆగుతాడు. పరికరం నిండా మీటలున్న మనిషి ఇంత నిగ్రహం పాటించడం చిన్న విషయం కాదు.

ఈ సంగీతం ఉత్తరాంధ్రలోని రాజాం చెవికి పరాయిగా తోచదు. బొబ్బిలి యుద్ధవీరుడు తాండ్ర పాపారాయుడి ఊరుగా పేరున్న ఈ నేలకు, చుట్టూ ఉన్న శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు జముకు తెలుసు. ఒకవైపు తోలుతో మూసిన గుల్ల, ఆ తోలులోంచి వచ్చే నరం. ఆ నరాన్ని మీటుతూ బిగిస్తే శబ్దం పైకి లేస్తుంది, వదిలితే కిందికి జారుతుంది. మోతకు ఒక చోటంటూ లేదు. వంగుతుంది, సాగుతుంది, గురగురలాడుతుంది. సింథసైజర్‌లో పిచ్ చక్రం తిప్పి రాబట్టే వంపును జముకు వాయించేవాడు చేతి బిగువుతోనే రాబడతాడు. పైగా జముకుల కథలో వంత పాడేవాడి పని అందరికీ తెలిసినదే. కథకుడు మాట పెంచితే వంత పెంచుతాడు, కథకుడు ఏడుపు గొంతు ఎత్తితే తగ్గుతాడు. ఈ రాత్రి కథ ఎంత సాగుతుందో ఇద్దరికీ ముందు తెలియదు.

బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో ఒకే పనస మానును తొలిచి వీణ చేస్తారు. ఆ వీణ మీద మెట్టుపైనే తీగను పక్కకు లాగి తర్వాతి స్వరాన్ని, ఆపై స్వరాన్ని పలికిస్తారు. స్వరం ఒక బిందువు కాదనీ, రెండు చోట్ల మధ్య ప్రయాణమనీ ఈ ప్రాంతపు చెవికి వేరే చెప్పనక్కర్లేదు. మాండలిన్ నాదం సింథసైజర్ నాదంలోకి కరిగేటప్పుడు ఆ చెవి గుర్తుపట్టేది ఈ ప్రయాణాన్నే.

కచేరీలోకి యంత్రం రావడం కూడా కొత్తేమీ కాదు. చెక్క తంబురా స్థానంలో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె కూర్చుని దశాబ్దాలు దాటింది. బెంగళూరుకు చెందిన జి. రాజ్ నారాయణ్ రాడెల్ పేరుతో 1970ల చివర ఆ దారి తెరిచారు. మనోధర్మమంతా నిలబడేది ఆగని ఆధార షడ్జం మీద. బ్రూక్ ఆ షడ్జానికి వాతావరణం చేర్చాడు, అంతే.

అయితే కలిపినంత మాత్రాన కలిసిపోదు. మన జాతర వేదికల మీద సన్నాయి పక్కన కీబోర్డు, రిథమ్ పెట్టె విన్నవాళ్ళకు ఇది బాగా తెలుసు. సన్నాయి విద్వాంసుడు ఊపిరి బిగబట్టి ఒక స్వరాన్ని సాగదీద్దామనుకుంటాడు. పెట్టెలో దరువు తన లెక్క ప్రకారం వెళ్ళిపోతుంది. అతను పరుగెత్తి దాన్ని అందుకోవాలి. అక్కడ సన్నాయే యంత్రానికి వంత అవుతుంది. లోపం విద్యుత్తుది కాదు, వినని తనానిది. ‘డ్రీమ్’లోనూ నాదపు పొగమంచు మరీ చిక్కబడ్డచోట మాండలిన్ మీటులోని కరుకు మెత్తబడిపోతుంది, ఆ కరుకే ఆయన సంతకం కనుక మనసు చివుక్కుమంటుంది. కానీ అలాంటివి కొద్దే.

శ్రీనివాస్ 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. తర్వాతి అడుగు మనవాళ్ళు వెయ్యాలి. రాజాంలో 1997 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, దగ్గర్లో వీణ చేసే చేతులున్నాయి, ఊళ్ళలో జముకుల కథ చెప్పే గొంతులు ఇంకా ఉన్నాయి. సర్క్యూటు తెలిసిన పిల్ల ఒకతె జముకు కథకుడి పక్కన కూర్చుని, ముందు రాత్రంతా కథ వినాలి. ఎక్కడ ఊరుకోవాలో తెలిశాకే మీట మీద వేలు పెట్టాలి.