లోతు తెలియని జాబితాలో దేశనూరు

దేశనూరు బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని ఊరు. కర్ణాటక రెవెన్యూ లెక్కల్లో అక్కడికి చేరాలంటే జిల్లా, తాలూకా, హోబళి దాటాలి. సరిహద్దు ఇవతల ఆదోని వైపు హోబళి అన్న మాటే ఉండదు. 1985లో మండలాలు వచ్చాక ఇక్కడ జిల్లా, మండలం, ఊరు, అంతే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చేదాకా ఇవన్నీ ఒకే బళ్ళారి జిల్లా. ఒకప్పటి ఆ జిల్లా ఊళ్ళన్నిటినీ ఒకే వెబ్ పేజీలో చూపించాలనుకోండి. జావాస్క్రిప్ట్ నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తోచదు.

ఈ సమాచారం కంప్యూటర్‌లో రెండు రూపాల్లో ఉంటుంది. పేరుకు విలువను జతచేసేది ఆబ్జెక్ట్, వరసగా పేర్చేది అర్రే. జిల్లా ఒక ఆబ్జెక్ట్, అందులో తాలూకాల అర్రే, ప్రతి తాలూకా మళ్ళీ ఆబ్జెక్ట్. చివరికి దేశనూరు కూడా ఆబ్జెక్టే. దానికో పేరు, పంటల అర్రే, కాలువల అర్రే. తుంగభద్ర మీది విజయనగర కాలం నాటి కాలువల్లో ఒకటి ఈ ఊరి పేరుతోనే ఉంది కాబట్టి ఆ చివరి అర్రే ఖాళీగా ఉండదు.

మొదట అందరూ రాసేది లూపులో లూపు. తాలూకాలకొకటి, హోబళీలకొకటి, ఊళ్ళకొకటి. కర్ణాటక ఊళ్ళన్నీ చక్కగా వస్తాయి. ఆంధ్ర వైపుకి రాగానే హోబళి లేదు కనుక ప్రోగ్రామ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అప్పుడు చాలామంది ‘లేకపోతే ఖాళీ అర్రే అనుకో’ అని ఒక అతుకు వేస్తారు. ఎర్రర్ పోతుంది, దానితోపాటు ఆదోని ఊళ్ళన్నీ పోతాయి. పేజీ మాత్రం బాగానే కనిపిస్తుంది. ఆగిపోయిన ప్రోగ్రామ్ కంటే ఇది చాలా ప్రమాదం, ఎందుకంటే పోయిన ఊళ్ళ సంగతి ఎవరికీ తెలియదు.

లోతు ఎంతో మనం ముందే లెక్కగట్టడమే ఇక్కడి తప్పు. రికర్షన్ ఆ లెక్క అడగదు. ఒక ఫంక్షన్ రాసి, దాని చేతికి ఏదో ఒక విలువ ఇస్తాం. అది అర్రే అయితే అందులోని ప్రతిదాని మీదా తనను తానే పిలుచుకుంటుంది. ఆబ్జెక్ట్ అయితే ప్రతి విలువ మీదా అదే పని. రెండూ కాకపోతే అట్టడుగుకు చేరినట్టు, ఆ విలువను వాడుకుంటుంది. దాటివచ్చిన పేర్లను కూడా వెంట పంపితే, ‘బళ్ళారి, సిరుగుప్ప’ అంటూ దేశనూరు దాకా దారి మొత్తం చేతికొస్తుంది. 1960లో జాన్ మెకార్తీ లిస్ప్ భాషను ప్రకటించిన నాటి నుంచీ ఇది ప్రోగ్రామర్ల ఆస్తి. 1995లో నెట్‌స్కేప్‌లో జావాస్క్రిప్ట్ రాసిన బ్రెండన్ ఐక్‌ను అక్కడికి రప్పించింది కూడా లిస్ప్ సంతతికే చెందిన స్కీమ్‌ను బ్రౌజర్‌లో పెట్టే పని ఉందన్న మాటే. పైకి జావాలా కనిపించినా, ఫంక్షన్ల విషయంలో ఈ భాష ఆ వంశానిదే.

విలువ ఏ రకమో పరీక్షించేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. టైప్‌ఆఫ్‌ను అడిగితే అర్రేనూ ఆబ్జెక్టే అంటుంది, విలువ లేదని సూచించే నల్‌నూ ఆబ్జెక్టే అంటుంది. రెండోది భాష పుట్టినప్పటి పొరపాటు. పాత పేజీలు చెడిపోతాయని దిద్దకుండా వదిలేశారు. అందుకే ముందు నల్‌ను పక్కన పెట్టి, తర్వాత అర్రే.ఈజ్‌అర్రేతో చూసి, ఆ తర్వాతే ఆబ్జెక్ట్ అని నిర్ణయించాలి. అర్రేలకు 2015లో వచ్చిన ఫర్-ఆఫ్, ఆబ్జెక్టులకు 2017లో వచ్చిన ఆబ్జెక్ట్.ఎంట్రీస్ వాడితే చాలు. ఫర్-ఇన్‌ను అర్రేల మీద వాడొద్దు. అది వరస సంఖ్యలను అక్షరాలుగా ఇస్తుంది, ఒకటికి ఒకటి కలిపితే పదకొండు అవుతుంది. ఫర్‌ఈచ్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, కావలసిన ఊరు దొరికాక బ్రేక్‌తో మధ్యలో ఆపలేం.

ఇంకో చిక్కు ఊరి కోడ్‌లది. కోడ్‌నే కీగా, అంటే విలువకు జతచేసే పేరుగా, పెట్టి ఊళ్ళను ఆబ్జెక్ట్‌లో దాస్తే, మీరు రాసిన వరస మిగలదు. పూర్ణాంకాల్లా కనిపించే కీలను జావాస్క్రిప్ట్ ముందుకు తెచ్చి, చిన్న సంఖ్య నుంచి పెద్దదానికి పేరుస్తుంది. కాలువ వెంట ఎగువ నుంచి దిగువకు రాసుకున్న ఊళ్ళు తారుమారవుతాయి. వరస ముఖ్యమైతే మ్యాప్ అనే నిర్మాణంలోనో అర్రేలోనో పెట్టండి. ఊరి ఆబ్జెక్ట్ తిరిగి తన తాలూకాను చూపిస్తుంటే ఫంక్షన్ అక్కడక్కడే తిరుగుతుంది కాబట్టి, చూసినవాటిని ఒక సెట్‌లో గుర్తుపెట్టుకోవాలి.

2021లో బళ్ళారి నుంచి విజయనగర జిల్లా విడిపోయింది. హోసపేట అటు వెళ్ళింది, సిరుగుప్ప బళ్ళారిలోనే ఉంది. ఇలా రాసిన ఫంక్షన్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు, సమాచారం మారిస్తే సరిపోతుంది.

నేర్చుకునేవాళ్ళు ముందు మీ జిల్లా జాబితాతోనే రాయండి. కీలను తెలుగులోనే పెట్టుకోవచ్చు, జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది. రాశాక మధ్యలో ఒక నల్, ఒక ఖాళీ అర్రే, ఒక అంతస్తు తక్కువైన మండలం కావాలని చేర్చి, ఊళ్ళ లెక్క సరిపోయిందో లేదో చూడండి.