తారీకు ఉన్న భయం

2025 జూలై మొదటి వారంలో అమ్మను తీసుకుని జపాన్ వెళ్ళాల్సింది. ఒసాకా, క్యోటో, వీలైతే హిరోషిమా. ఏప్రిల్లోనే టికెట్లు బుక్ చేశాను. మే నెలాఖరులో అవన్నీ కేన్సిల్ చేసి, అమ్మతో మాత్రం "ఆఫీసులో లీవు దొరకలేదమ్మా" అన్నాను. అసలు కారణం ఒక బొమ్మల పుస్తకం. ఇంజనీరింగ్ చదివి, పదమూడేళ్ళుగా కోడ్ రాసుకుని బతుకుతున్నవాణ్ణి. ఒక కామిక్ చూసి జడుసుకున్నానని ఇంట్లో చెప్పుకోలేకపోయాను. ఆ సిగ్గుతోనే ఆ పుస్తకాన్ని మళ్ళీ తెరిచాను.

పుస్తకం పేరు 'వతాషి గ మిత మిరాయ్'. తెలుగులో చెప్పాలంటే, 'నేను చూసిన భవిష్యత్తు'. రాసింది ర్యో తత్సుకి అనే మాంగా రచయిత్రి. తన కలల్ని డైరీలో రాసుకునే అలవాటు ఆవిడకి. 1999లో ఈ సంకలనం వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దాని అట్ట మీది రాతల్లో ఒకటి, "మహా విపత్తు 2011 మార్చి". 2011 మార్చి 11న తోహోకు భూకంపం, సునామీ వచ్చాక ఆ అట్ట ఫొటో ప్రపంచం చుట్టింది. అప్పటికే ప్రింటులో లేని ఆ పుస్తకం పాత కాపీల కోసం జనం ఎగబడ్డారు. 2021లో కొత్త ముద్రణ వేశారు, అందులో ఒక కొత్త కల చేరింది. 2025 జూలైలో జపాన్‌కీ ఫిలిప్పీన్స్‌కీ మధ్య సముద్రగర్భం బద్దలవుతుంది, 2011 కన్నా మూడు రెట్లు ఎత్తున అలలు లేస్తాయి.

నాకు జపనీస్ రాదు. టోక్యోలో పనిచేసే ఒక ఫ్రెండు రెండు శనివారాలు వీడియో కాల్లో పేజీలు తిప్పుతూ అర్థం చెప్పాడు. నిజం చెప్పాలంటే పుస్తకం అంత భయపెట్టదు. గీత పాతకాలపు అమ్మాయిల మాంగాల పద్ధతిలో ఉంటుంది. కలలు కూడా మన కలల్లాగే ఉంటాయి, ముందూ వెనకా లేకుండా. భయమంతా అట్టలో ఉంది. అట్ట మీది ఆ ఒక్క లైన్లో భూకంపం అన్న మాట లేదు, సునామీ అన్న మాట లేదు, ఊరి పేరు లేదు. ఆ ఖాళీల్ని 2011 తర్వాత పాఠకులే పూరించారు. అదే పుస్తకంలో ఫుజి పర్వతం బద్దలయ్యే కల కూడా ఉంది. ఫుజి చివరిసారి బద్దలైంది 1707లో. ఆ పేజీని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. పాసైన టెస్టుల్ని మాత్రమే స్క్రీన్‌షాట్ తీసి మేనేజర్‌కి పంపితే ఏ కోడైనా అద్భుతంగానే ఉంటుంది.

ఈ రకం చదువు మనకూ అలవాటే. కరోనా రోజుల్లో వీరబ్రహ్మంగారి కాలజ్ఞానంలో ఇదంతా ఉందంటూ ఫోన్లు మోగిపోయాయి. అక్కడ ముందు సంఘటన జరుగుతుంది, పద్యం తర్వాత దొరుకుతుంది. తత్సుకి కొత్త ముద్రణ అలా కాదు. సంఘటన కన్నా నాలుగేళ్ళు ముందే నెల చెప్పేసింది. నన్ను పడగొట్టింది ఇదే.

పడిపోయింది నేనొక్కణ్ణే కాదు. హాంకాంగ్ నుంచి జపాన్ వెళ్ళే పర్యాటకులు 2025 మేలో, అంతకు ముందటి ఏడాది మేతో పోలిస్తే, పది శాతానికి పైగా తగ్గారు. గ్రేటర్ బే ఎయిర్‌లైన్స్ సెందాయ్, తోకుషిమాలకు విమానాలు తగ్గించింది. నెల కాస్తా రోజుగా మారింది. జూలై 5 అని ఖాయం చేసేశారు. ఆ రోజున ఏదో జరుగుతుందని తన ఉద్దేశం కాదని రచయిత్రే చెప్పుకోవాల్సొచ్చింది. జపాన్ వాతావరణ సంస్థ అధిపతి ఇదంతా ఉత్త పుకారని ప్రెస్‌మీట్‌లో చెప్పారు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అని కచ్చితంగా చెప్పే శాస్త్రం ఇప్పటికి లేదు. అదే సమయంలో దక్షిణాన తోకారా దీవుల్లో రెండు వారాల్లో వెయ్యికి పైగా ప్రకంపనలు వచ్చాయి. ఆ ప్రాంతంలో ఇలాంటివి ఇంతకుముందూ వచ్చాయని నిపుణులు చెప్పినా వినే మనసు ఎవరికుంది?

జూలై 5 వచ్చింది, వెళ్ళింది. ఏమీ కాలేదు. జూలై 30న రష్యాలోని కమ్‌చట్కా దగ్గర 8.8 తీవ్రతతో భూకంపం వచ్చి, జపాన్ పసిఫిక్ తీరమంతా సునామీ హెచ్చరికలు మోగాయి. జపాన్‌లో అల ఎత్తు మీటరు దాటింది, అంతే. కానీ "చెప్పింది చెప్పినట్టే జరిగింది" అన్నవాళ్ళు మళ్ళీ బయల్దేరారు. కల చెప్పింది ఫిలిప్పీన్స్ వైపు, కమ్‌చట్కా ఉన్నది దానికి పూర్తి వ్యతిరేక దిక్కున. అయినా జూలై అన్న మాట కలిసింది కదా!

ఇప్పుడు దీని పక్కన ఇంకో రచనను పెట్టి చూడాలి. దాని రచయిత జపాన్ ప్రభుత్వం. నన్‌కాయ్ అగాధంలో వచ్చే ముప్పై ఏళ్ళలో మహా భూకంపం రావడానికి సుమారు 80 శాతం అవకాశం ఉందని 2025 జనవరిలో ప్రకటించారు. వస్తే, పరిస్థితులన్నీ వికటిస్తే 2,98,000 మంది దాకా చనిపోవచ్చని మార్చిలో అంచనా వేశారు. తత్సుకి కల కన్నా ఇది ఎన్నో రెట్లు భయంకరమైన వాక్యం. ఈ రెండు వార్తలూ నేను చదివాను. చదివాకే, ఏప్రిల్లో, టికెట్లు కొన్నాను.

లెక్క వేసి చూశాను. ముప్పై ఏళ్ళంటే సుమారు 1,560 వారాలు. 80 శాతాన్ని వాటి మీద పరిస్తే ఏ ఒక్క వారానికైనా దాదాపు వెయ్యికి ఒక వంతు అవకాశం. ఒక వారం తిరిగొచ్చే టూరిస్టుగా టికెట్లు కొనడం తప్పేం కాదు, కేన్సిల్ చేయడమే తప్పు. అక్కడ పుట్టి, ఇల్లు కట్టుకుని, పిల్లల్ని బడికి పంపేవాళ్ళ లెక్క వేరు. వాళ్ళు ఆ 1,560 వారాలూ అక్కడే ఉండాలి. శాతం వాళ్ళ బతుక్కి సంబంధించింది. తారీకు మాత్రం కూకట్‌పల్లిలో కూర్చున్న నాలాంటివాడికి కూడా అందుతుంది.

2024 ఆగస్టు 8న హ్యూగానడ సముద్రంలో 7.1 తీవ్రతతో భూకంపం వచ్చాక, చరిత్రలో మొదటిసారి నన్‌కాయ్ ప్రత్యేక హెచ్చరిక ఇచ్చారు. మామూలుగా వారానికి వెయ్యిలో ఒకటి ఉన్న అవకాశం ఇప్పుడు కొన్ని వందల్లో ఒకటి అయిందని దాని సారాంశం. ఊళ్ళు ఖాళీ చేయొద్దు, రోజువారీ పనులు ఆపొద్దు, బీరువాలు గోడకు బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి, తప్పించుకునే దారి ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోండి అన్నారు. ప్రధాని కిషిదా విదేశీ పర్యటన మానుకున్నారు. కొన్ని బీచ్‌లు మూశారు. వారం తర్వాత హెచ్చరిక ఎత్తేశారు. రచనగా చూస్తే చాలా చప్పగా ఉంటుంది. కథ లేదు, ముగింపు లేదు. కానీ పాఠకుడికి చేయడానికి ఒక పని ఇస్తుంది. తత్సుకి పుస్తకం ఇచ్చే పని ఒక్కటే, ఎదురుచూడటం. తారీకు దాటగానే ఆ పని కూడా అయిపోతుంది. జూలై 6 పొద్దున ఎంత మంది ఊపిరి పీల్చుకుని ఉంటారో! నన్‌కాయ్ మాత్రం ముందు రోజు ఎంత ప్రమాదమో ఆ రోజూ అంతే ప్రమాదం. మూఢనమ్మకం కాబట్టి ఆ పుస్తకం చెడ్డదని నేననను. భయానికి గడువు పెట్టి, గడువు తీరాక పాఠకుణ్ణి ఉత్త చేతులతో ఇంటికి పంపుతుంది. నా ఫిర్యాదు అదీ.

తారీకు ఉన్న జోస్యంతో మంచి కథ రాయలేరా అంటే, రాశారు. కోబె భూకంపం తర్వాత మురకామి రాసిన కథల సంపుటిలో టోక్యోను కాపాడే కప్ప కథ ఉంది. మనిషంత కప్ప ఒకటి, బ్యాంకులో మొండి బాకీలు వసూలు చేసే కతగిరి ఇంటికొచ్చి, ఫిబ్రవరి 18 ఉదయం ఎనిమిదిన్నరకి టోక్యోలో భూకంపం వస్తుందని, దాన్ని ఆపడానికి సాయం కావాలని అడుగుతుంది. ఆ రోజు వెళ్ళిపోతుంది, భూకంపం రాదు. ఎవరో భూమి కింద చచ్చేలా పోరాడినందుకే రాలేదు, పైన ఎవరికీ తెలియదు. ప్రొడక్షన్ సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేసేవాళ్ళకి ఈ కథ వేరేగా తగులుతుంది. ఏమీ జరగని రాత్రి వెనక ఎవరో ఒకరి నిద్ర పోయి ఉంటుంది. జోస్యం తప్పడాన్ని మురకామి ఎగతాళి చేయడు. ఆ ఏమీ జరగకపోవడం వెనక శ్రమ ఉండొచ్చంటాడు. గోడకు బిగించిన బీరువా కూడా అలాంటి శ్రమే.

ఈ వ్యాసం సగం రాశాక అమ్మకు నిజం చెప్పాను. అమ్మ తిట్టలేదు, నవ్వింది. అమ్మది జహీరాబాద్ పక్కన ఊరు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ భూకంపం వచ్చినప్పుడు వాళ్ళింట్లో గిన్నెలన్నీ కింద పడ్డాయట. అప్పటి మ్యాపుల్లో అతి తక్కువ ప్రమాదం ఉన్న చోటు కిల్లారి. అక్కడ దాదాపు 10,000 మంది చనిపోయారు. అమ్మవాళ్ళు నెల రోజులు వాకిట్లోనే పడుకున్నారట.

"రాకముందు ఒక్కడు చెప్పలె బిడ్డా. వచ్చినంక మాత్రం రోజుకొకడు తారీకు చెప్పిండు. ఇయ్యాల వస్తది, అమాసకు వస్తది అనుకుంట. ఒక్కటి రాలె."

"మరి ఇంట్లోకి ఎప్పుడు పోయిన్రు?"

"చలి పెట్టినంక పోయినం."

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్‌లో మా తొమ్మిదో అంతస్తుకూ తెలిసింది. మంచం పక్కన ఆరడుగుల పుస్తకాల రాక్ సన్నగా ఊగింది. ఆ రోజంతా అపార్ట్‌మెంట్ గ్రూపులో మళ్ళీ ఎప్పుడొస్తుందనే చర్చ. రాక్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నాతో సహా. అది ఈ రోజుకీ గోడకు ఆనించే ఉంది, బిగించలేదు. కార్పెంటర్ ఆదివారం వస్తానన్నాడు. రెండు ఆదివారాలయ్యాయి. ఇది పోస్ట్ చేసి వాడికి ఫోన్ చేయాలి.