ఇరవై, నాలుగు, రెండొందల యాభై

మండపేట కోళ్ల ఫారాల్లో గుమాస్తా పొద్దున్నే చేసే పని, రాత్రి చచ్చిన కోళ్లను ఏరించి షెడ్డు నంబరు ఎదురుగా అంకె వేయడం. ‘మోర్టాలిటీ’ అంటారు. అక్కడ పేర్లతో పని లేదు. యుద్ధంలో పోయినవాళ్ల లెక్కను నాయకుల నోట విన్నప్పుడల్లా నాకు ఆ రిజిస్టరే గుర్తొస్తుంది. మోటు పోలికే, కాదనను.

2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడిలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు పోయారు. ఆ నెల 26న మన విమానాలు పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద బాంబులు వేశాయి. మార్చి 3న అహ్మదాబాద్‌లో అప్పటి బీజేపీ అధ్యక్షుడు అమిత్ షా 250 మందికి పైగా ఉగ్రవాదులు చచ్చారన్నారు. మర్నాడే కోయంబత్తూరులో అప్పటి వైమానిక దళాధిపతి ధనోవా, గురి తగిలిందా లేదా అన్నదే తాము చూస్తామని, శవాలు లెక్కపెట్టడం తమ పని కాదని చెప్పారు. పాకిస్తానేమో ఒక్కరూ పోలేదంది. మన రాష్ట్రంలో పోలింగు ఏప్రిల్ 11న. ఆలోపు మా కలువపువ్వు సెంటర్ టీకొట్టు దగ్గర ఆ 250 కాస్తా 300 అయింది, 350 కూడా అయింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎలా చెబుతారు? పేరూ ఊరూ లేని అంకెకు సాక్షి ఉండడు. బాంబు వేసినవాడు లెక్కపెట్టలేదంటుంటే, ఓటు అడిగేవాడి దగ్గర మాత్రం లెక్క సిద్ధంగా ఉంది.

ఏడాది దాటాక లెక్క మనవైపు తిరిగింది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణ. 16న మధ్యాహ్నం సైన్యం ముగ్గురు పోయారంది: సూర్యాపేట వాసి, 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు, తమిళనాడుకు చెందిన హవల్దార్ పళని, జార్ఖండ్ సిపాయి ఓఝా. రాత్రికి మరో 17 మంది గాయాలతో, గడ్డకట్టే చలిలో ప్రాణాలు విడిచారని తెలిసింది. మొత్తం 20. మర్నాటికి పేర్లన్నీ వచ్చాయి.

చైనా తనవైపు లెక్కపై ఎనిమిది నెలలు నోరు మెదపలేదు. 2021 ఫిబ్రవరి 19న నలుగురని ప్రకటించి, వాళ్లను వీరులుగా ఊరేగించింది. ఆ అంకెను శంకించిన చ్యూ జిమింగ్ అనే బ్లాగరుకు ఎనిమిది నెలల జైలు పడింది. ఎనిమిది నెలల మౌనానికి ఎనిమిది నెలల శిక్ష అన్నమాట. కాకతాళీయమే అయినా నాకు మింగుడుపడని లెక్క.

చైనా లెక్కనూ మన లెక్కనూ ఒకే తాటికి కట్టలేం. దాచడం వేరు, చెప్పడం వేరు. ఇక్కడ ప్రశ్నించినవాణ్ని దేశద్రోహి అన్నారేమో గానీ, ఆ 20 అంకెను మాత్రం దాచలేదు. పేర్లు బయటపెట్టిన ప్రభుత్వానికి ఆ మేరకు మార్కు వేయాల్సిందే. కానీ చెప్పిన అంకె కూడా నోరు మూయించగలదు. 2020 జూన్ 19న అఖిలపక్షంలో ప్రధాని మన భూభాగంలోకి ఎవరూ చొరబడలేదన్నారు. మరి ఆ 20 మంది ఎక్కడ, దేనికి పోరాడారని అడిగితే, వాళ్ల త్యాగాన్ని అవమానిస్తారా అన్న ఎదురుప్రశ్న వచ్చింది. అంటే 20 జవాబు కాలేదు, జవాబుకు అడ్డుగా పెట్టిన తలుపైంది. ఆ వారంలోనే, మాజీ సైన్యాధ్యక్షుడైన అప్పటి కేంద్రమంత్రి వీకే సింగ్ అటువైపు కనీసం 40 మంది పోయి ఉంటారన్నారు. మన 20కి రెట్టింపు! 250 మళ్లీ వేషం మార్చుకుని వచ్చిందనిపించింది నాకు. శత్రువు శవాల లెక్క ఎప్పుడూ గుండ్రంగా, మనకు ఓదార్పుగా ఉంటుంది.

ఆ జూన్ 22న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ సూర్యాపేట వెళ్లి సంతోష్ బాబు కుటుంబానికి 5 కోట్లు, ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చారు. మిగతా 19 కుటుంబాలకూ తలా 10 లక్షలు ప్రకటించారు. తన గడ్డ బిడ్డకు ఎక్కువ ఇచ్చారని తప్పుపట్టను. ఇతర రాష్ట్రాలవాళ్లను తలచుకోవడమే అరుదు. ఐనా అప్పటి నుంచి మనకు ఆ 20 కాస్తా ఒకటీ, పందొమ్మిదీగా చీలిపోయింది.

మొన్న టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన, “ఆ ఇరవైమందిలో ఎందరి పేర్లు చెప్పగలవోయ్?” అని అడిగాడు. కల్నల్ పేరు చెప్పాను. పళని అన్నాను. కాసేపు తడుముకుని ఓఝా అన్నాను. అక్కడితో ఆగిపోయాను. ఆ ముగ్గురూ మధ్యాహ్నం ప్రకటనలో వచ్చినవాళ్లు. రాత్రి ప్రకటనలో 17 అనే అంకెగా వచ్చినవాళ్లు నాకు ఇప్పటికీ అంకెగానే ఉన్నారు.