దున్నని మడిలో మినుము

విశాఖ సీతమ్మధారలో రాత్రి ఇడ్లీకి మినపగుళ్లు నానబోయని ఇల్లు అరుదు. ఆంధ్రలో రబీ మినుము ఎక్కువగా పండేది వరి మాగాణుల్లోనే. విశాఖ దాటి విజయనగరం, శ్రీకాకుళం మడుల్లోనైనా, ఇటు గోదావరి, కృష్ణా డెల్టాల్లోనైనా పద్ధతి ఒకటే: వరి ఇంకా నిలబడి ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో మినుము చల్లేస్తారు. దానికోసం దుక్కి లేదు, విడిగా నీటి తడీ లేదు. చూడ్డానికి తేలిక పనే. లెక్క తప్పితే మాత్రం పంటే ఉండదు.

అసలు ఎందుకు దున్నరు? వరి కోసం మడిని దమ్ము చేసినప్పుడు మట్టి గుల్లతనం పోయి మెత్తటి బురదవుతుంది, అడుగున గట్టి పొర కడుతుంది. నీళ్లు ఇంకిపోకుండా నిలవడానికి వరికి అదే కావాలి. కోత తర్వాత అదే నేలను దున్నితే పెడ్డలు లేస్తాయి, ఉన్న కాస్త తడీ గాలికి ఆరిపోతుంది. దున్నకపోతే తడి లోపలే ఉంటుంది. వరి వేళ్లు కుళ్లిన చోట మిగిలిన సన్నటి దారులు మినుము తల్లివేరుకు అక్కరకొస్తాయి.

పనితనమంతా పదును చూడడంలో ఉంది. గట్టు దిగి చేలో అడుగేస్తే పాదం ముద్ర స్పష్టంగా పడాలి, కాలు దిగబడకూడదు, ముద్రలో నీరు ఊరకూడదు. నీరు ఊరితే గింజ కుళ్లుతుంది. ముద్రే పడకపోతే మొలక రాదు. మడి అంతా ఒకేసారి ఈ పదునుకు రావాలంటే వరి నుంచి నీరు ఎప్పుడు తీసేయాలో ముందే లెక్కవేసుకోవాలి. అంటే మినుము సాగు వరి ఆఖరి తడి దగ్గరే మొదలైనట్టు.

మెట్టలో ఎకరానికి 6 నుంచి 8 కిలోల విత్తనం చాలు, మాగాణిలో 16 నుంచి 18 కిలోలు పడుతుంది. గింజ పైనే పడుతుంది కాబట్టి కొన్ని మొలవవు. మొలిచినవీ మిగులు తడితోనే పెరగాలి కాబట్టి గుబురుగా కొమ్మలు వేయవు. ఆ లోటును మొక్కల సంఖ్యతో పూడుస్తారు. విత్తనానికి రైజోబియం బాక్టీరియాను పట్టించి, ఎత్తుగా ఉన్న వరి మీదుగా సమంగా పడేలా చల్లుతారు. కోత కూలీల పాదాలు గింజను మట్టిలోకి నొక్కుతాయి. కోసిన పనలు కొన్నాళ్లు నీడనిచ్చి తేమ కాపాడతాయి. వాటిని వేళకు ఎత్తేయాలి, లేకపోతే కింద మొలకలు వెలుగు లేక పాలిపోయి సాగిపోతాయి.

ఇక మట్టి బాగు సంగతి. నెల దాటిన మొక్కను మట్టితో సహా పెకలించి వేరు బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ ఎరుపు కనిపిస్తే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టు. పంట తీశాక ఆ వేళ్లు, రాలిన ఆకు నేలలోనే మిగులుతాయి.

పంజాబ్, హర్యానాల్లో వరి వెంట గోధుమ వేసే రైతుకు దున్నకుండా విత్తే ఇదే పనిని హ్యాపీ సీడర్ అనే యంత్రం చేస్తుంది. వరి కొయ్యల్ని కాల్చకుండా, నేలను దున్నకుండా, సన్నటి చాళ్లు మాత్రం తీసి గోధుమ విత్తుతుంది. గడ్డి పైన కప్పులా పరుచుకుంటుంది. నేలను తక్కువ కదపడం, కప్పి ఉంచడం, పంట మార్చడం అని శాస్త్రజ్ఞులు చెప్పే మూడు సూత్రాల్నీ మన మాగాణి రైతు యంత్రం లేకుండానే పాటిస్తూ వచ్చాడు. దమ్ము మానలేదు కాబట్టి మొదటి సూత్రం ఇక్కడ రెండో పంటకే పరిమితం. అయినా చిన్న సంగతి కాదు.

ఇప్పుడు కోత మిషన్ వచ్చింది. ముందే చల్లితే దాని పట్టాల కింద మొలకలు నలుగుతాయి, అది వదిలే గడ్డి వరుసల కింద ఊపిరాడక చస్తాయి. మిషన్‌తో కోయించేవాళ్లు కోత అయిన వెంటనే, పదును ఆరకముందే, దున్నకుండానే విత్తే జీరో టిల్ డ్రిల్‌తో విత్తుకోవాలి. పనిముట్టు మారినా చూడాల్సిన పదును మారదు. కొయ్యలకు మాత్రం నిప్పు పెట్టకండి. నేలకు నీడనిచ్చేవి అవే.